ముందు వెళ్లినవాడు వేసిన కొమ్మ

1926 నవంబరులో నన్ను వాల్తేరు ఆఫీసు నుంచి అరకు ప్రాంతంలో పనిచేస్తున్న సర్వే పార్టీకి వేశారు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. హోదా తాత్కాలిక కంప్యూటర్. పేరు ఘనంగా వినిపిస్తుంది గాని అర్థం లెక్క కట్టేవాడు అనే. సర్వేయరు కొండ మీద నిలబడి కోణాలు కొలుస్తాడు. కంప్యూటరు గుడారంలో కూర్చుని, లాగరిథం పట్టికలు ముందు పెట్టుకుని, ఆ కోణాల నుంచి దూరాలూ ఎత్తులూ తీస్తాడు. ఒక్కో లెక్కను ఇద్దరు కంప్యూటర్లు విడివిడిగా కట్టాలి. ఇద్దరి జవాబులూ కలిస్తే అది పై అధికారికి వెళుతుంది. కలవకపోతే మూడో మనిషి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని తప్పు ఎక్కడ జరిగిందో వెతుకుతాడు.

నేను కాలేజీ గడప తొక్కినవాణ్ని కాదు. ఫోర్తు ఫారంతో బడి మానేసి, శృంగవరపుకోటలో ఒక బెల్లం మండీలో గుమాస్తాగా చేరాను. త్రికోణమితి నా అంతట నేను నేర్చుకున్నదే. అంకెల్లో నాకు భయం ఉండేది కాదు. ఇంగ్లీషులో ఉండేది. ‘తాత్కాలిక’ అనే మాట నా హోదా ముందు నుంచి పోవాలంటే శాఖ వారి ఇంగ్లీషు పరీక్ష ప్యాసవాలి. నేను ఒకసారి తప్పాను.

మా పార్టీకి పెద్ద సర్వేయరు జోగారావు గారు. యాభై దాటిన మనిషి, విజయనగరం వైపు వారు. చిన్నప్పుడు మిషన్ బడిలో ఒక ముసలి దొరసాని దగ్గర చదువుకున్నారు. ఆవిడ ఇంగ్లీషు ఆవిడ కంటే పాతదని ఆయన అనేవారు. అట్టలు ఊడిపోయిన నిఘంటువు ఒకటి ఆయన వెంట ఎప్పుడూ ఉండేది. కోణాలు కొలిచే యంత్రం థియోడలైటు పెట్టెలో దాన్ని పెట్టకూడదని రూలు. అందుకని బియ్యం మూటలో పెట్టించేవారు. నేను పరీక్ష తప్పానని తెలిశాక, సాయంత్రం కోణాల పుస్తకాలు మూసేసిన తర్వాత నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన పద్ధతి వేరు. మాటల్ని ఒక్కొక్కటిగా కాక గుంపుగా పట్టుకోమనేవారు. ‘ప్రి’తో మొదలయ్యే మాటలతో మొదలుపెట్టాము. ప్రి అంటే ముందు. అది మనకు బేస్ లైను అనుకో అన్నారు. బేస్ లైను అంటే సర్వేలో నేల మీద గొలుసుతో స్వయంగా కొలిచే మొదటి గీత. మిగతా దూరాలన్నీ దాని నుంచి లెక్కగట్టి తీసేవే. అది నాకు బాగా నచ్చింది. పాత అర్థం దగ్గర నిలబడి ఈనాటి అర్థం కేసి చూడాలి. మధ్య దారి కనిపిస్తే ఆ మాట మనదయినట్టే.

కొన్ని దారులు తేలిగ్గానే కనిపించాయి. ప్రిఫర్ అంటే ఇవాళ ఒకదాని కంటే ఇంకొకటి ఇష్టపడటం. పాత రోజుల్లో ముందుకు తీసుకురావడం. కోర్టు గుమాస్తాలు అప్పీలు ప్రిఫర్ చేశామని ఇప్పటికీ రాస్తారు. అక్కడ ఇష్టం ఏమీ లేదు, అప్పీలును ముందుకు తెచ్చి పెట్టడమే ఉంది. ప్రిటెండ్ అంటే ఇప్పుడు నటించడం. ఒకప్పుడు ఇది నాది అని చెయ్యి ముందుకు చాచడం, హక్కు చెప్పుకోవడం. చాచిన చేతుల్లో దొంగ చేతులు ఎక్కువైపోయి ఉంటాయి, మాట అలా చెడింది అని ఆయన వివరణ. దస్తావేజుల్లో ప్రెమిసెస్ అంటే మొదట్లో పైన ముందుగా చెప్పినది అని మాత్రమే. పైన చెప్పినది ఎప్పుడూ ఇల్లూ వాకిలీ కావడం వల్ల, చివరికి ఇంటికే ఆ పేరు స్థిరపడింది. ప్రికేరియస్ అనే మాటను నేను ఉత్సాహంగా ఈ వరసలో చేర్చబోతే, అది ‘ముందు’ కాదయ్యా, ప్రార్థనకు సంబంధించిన వేరే మాట, ముఖం చూసి బంధుత్వం కలపకు అని కొట్టేశారు.

ప్రెజెంట్లీ అనే మాట మీద నన్ను రోజూ ఏడిపించేవారు. పాత అర్థం ఈ క్షణమే అని. జనం ఇప్పుడే అని చెప్పి ఆలస్యం చేస్తూ పోవడంతో అది కాసేపటికి అని మారిపోయింది. లెక్క అయిందా అని ఆయన గుడారం నుంచి అడిగితే నేను ప్రెజెంట్లీ సార్ అనేవాణ్ని. “ఏ అర్థంలో నాయనా?” అని అక్కడి నుంచే కేక వేసేవారు.

ఒక్క మాట దగ్గర మాత్రం ఆయనకే దారి కనిపించలేదు. ప్రివెంట్. పాత అర్థం ముందుగా వెళ్లడం. సేవకుడు యజమానిని ప్రివెంట్ చేశాడంటే, ముందుగా వెళ్లి బస సిద్ధం చేశాడని. అది మర్యాద. ఇప్పటి అర్థం అడ్డుకోవడం. ముందు వెళ్లేవాడు మేలు చేసేవాడు గదా, అడ్డుపడేవాడు ఎలా అయ్యాడు? పోటీలో ముందు చేరినవాడు వెనకవాడికి దక్కకుండా చేస్తాడు గనుక అని దొరసాని చెప్పిందట. అది ఆయనకు తృప్తిగా లేదు. ఈ త్రికోణం క్లోజ్ కావడం లేదు అప్పలస్వామీ అనేవారు. మూడు కోణాలూ కలిపితే రావలసిన మొత్తం రాకపోతే మేము అనే మాట అది.

డిసెంబరు మొదట్లో మా పని లోయకు పడమటి వైపు సాగింది. తూర్పున ఒక కొండ మీద థియోడలైటు, లోయకు అవతల పడమటి మెట్ట అనే కొండ మీద హీలియోట్రోపు ఉండాలి. హీలియోట్రోపు అంటే బల్ల మీద బిగించిన గుండ్రని అద్దం. ఎండను పట్టి దూరపు కొండ మీదున్నవాడి కంట్లోకి పంపుతుంది. ఎన్నో మైళ్ల అవతలి నుంచి కూడా నక్షత్రంలా కనిపిస్తుంది. దాన్ని గురి చూసి కోణం కొలుస్తాము. పద్ధతి ప్రకారం ముందు పార్టీ తేలిక సామానుతో బయలుదేరి, అవతలి కొండ మీద చోటు ఎంచి, రాళ్లు పేర్చి, అద్దం వెలిగించాలి. వెనక పార్టీ బరువు పెట్టెలతో ఇవతల కొండ మీద ఉండి కొలవాలి. కొలత అయ్యాక వెనక పార్టీ కూడా అవతలికి నడిచి ముందు పార్టీని కలుసుకుంటుంది. మందుల పెట్టె బరువు పెట్టెల్లో లెక్క. అది ఎప్పుడూ వెనక పార్టీతోనే ఉంటుంది.

చోటు ఎంచడం జోగారావు గారి పని. కాబట్టి ఆయన, దారి చూపడానికి పాంగి సుక్రు, అద్దం మోయడానికి ఒక ఖలాసీ ముందు వెళ్లారు. సుక్రు లోయలోని ఒక పల్లె మనిషి. నలభై ఏళ్లుంటాయి. మాటలు తక్కువ. వెనక పార్టీకి మనుషులు చాలక, కోణాలు కొలిచే పని కూడా నాకే అప్పగించారు. నాతో ఖలాసీల జమేదారు ఎర్రయ్య, మరి నలుగురు ఖలాసీలు. ఎర్రయ్యది భోగాపురం దగ్గర ఊరు. కొండ మీద పదేళ్లు పనిచేసినా కొండ అంటే భయం పోని మనిషి.

వాళ్లు వెళ్లిన మర్నాడు ఉదయం అద్దం వెలగాలి. లోయలో మంచు విడిపోయింది. కింద పూత మీదున్న వలిసె చేలు పసుపు పరిచినట్టు కనిపిస్తున్నాయి. పడమటి మెట్ట శిఖరం స్పష్టంగా ఉంది. అక్కడ వెలుగు లేదు. చాలాసేపు చూశాక ఎర్రయ్యే ముందు కనిపెట్టాడు. వెలుగు వచ్చింది గాని శిఖరం మీద కాదు. బాగా కిందకి, కొండ వాలు మీద. నిలకడగా కూడా లేదు. మూడుసార్లు ఆరి వెలిగి, ఆగిపోయింది. కొంతసేపటికి మళ్లీ మూడుసార్లు. తర్వాత ఇక రాలేదు.

మూడు విరుపులు అంటే నా దగ్గరికి రండి అని మా పార్టీ సంకేతం. ప్రమాదం ఉంటే తప్ప వాడేది కాదు. రెండోసారి వెలిగినప్పుడు నేను థియోడలైటుతో దాన్ని పట్టుకుని అడ్డకోణం, నిలువుకోణం రెండూ రాసుకున్నాను. నక్షా చిత్తు మీద గీత గీసి చూస్తే, వెలుగు వచ్చింది శిఖరానికి సగం ఎత్తులో ఉన్న ఒక పోడు మడి దగ్గర నుంచి అని తేలింది. పోడు అంటే వాలు మీద అడవి నరికి, కాల్చి సాగు చేసుకునే నేల. శిఖరం ఎక్కవలసిన మనిషి వాలు మీద ఆగిపోయాడంటే కారణం ఒకటే తోచింది. అంతకు ముందు సీజనులో మా పార్టీ డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన మన్యం జ్వరం వచ్చిన మూడో రోజుకే పోయాడు. బయలుదేరేటప్పుడే జోగారావు గారు ఒళ్లు నొప్పులంటున్నారు. క్వినైన్ సీసా నా పక్కనున్న పెట్టెలో ఉంది.

థియోడలైటుకు ఇద్దరు ఖలాసీలను కాపలా పెట్టి, ఎర్రయ్యనూ మిగతా ఇద్దరినీ తీసుకుని మందుల పెట్టెతో దిగాను. దిగే ముందు వెలుగు దిక్కును కంపాసు మీద గుర్తు పెట్టుకున్నాను. లోయలోకి దిగితే కొండ కనిపించదు. కంపాసే ఆధారం.

లోయ దాటి అవతలి వాలు మొదలయ్యే చోట దారి రెండుగా చీలింది. ఒకటి వెడల్పాటి దారి, బళ్లు పోయేంత కాకపోయినా ఇద్దరు పక్కపక్కన నడవచ్చు. ఇంకొకటి తుప్పల్లోకి పోయే సన్నటి కాలిబాట. కంపాసు తీశాను. వెడల్పు దారి సరిగ్గా నా గీత మీదే పోతోంది. సన్న బాట దక్షిణానికి, దాదాపు వెనక్కి తిరుగుతోంది. అప్పటికే పొద్దు నడినెత్తి దాటింది. పైన మబ్బు కమ్ముతోంది. తప్పు దారిన పోతే ఆ రోజు చేరము. చేరకపోతే ఏమవుతుందో డ్రాఫ్ట్స్‌మన్ విషయంలో చూసినవాణ్ని.

నేను వెడల్పు దారి పట్టబోతుంటే ఎర్రయ్య నా చొక్కా పట్టుకుని ఆపాడు. దారికి అడ్డంగా ఒక పచ్చి కొమ్మ పడి ఉంది. విరిగి పడ్డది కాదు. కత్తితో నరికి, ఈ అంచు నుంచి ఆ అంచుకి పడుకోబెట్టినది. ఆకులు వాడడం అప్పుడే మొదలవుతోంది.

“దాటకండి బాబూ. ఇది సిల్లంగి. దాటితే మన కాళ్లు మనయి కావు.”

చిల్లంగి అంటే చేతబడి. ఎర్రయ్య ఆలోచన ఏమిటంటే వెనక్కి వెళ్లి, పల్లెలో దిసారిని, అంటే వాళ్ల ముహూర్తాలూ పూజలూ చూసే పెద్దను, వెంటబెట్టుకుని మర్నాడు రావడం. ఇద్దరు ఖలాసీలూ అతని వెనకే నిలబడ్డారు. నేను కంపాసు చూపించి, కొమ్మ కొమ్మే, దారి దారే అన్నాను. వాదన పెరిగింది. ఒకరికి కొమ్మంటే భయం, ఒకరికి అది లెక్కలోకే రాదు. అక్కడ నిలబడి వాదించుకున్నంతసేపూ పొద్దు పోతూనే ఉంది.

అంతలో వెనక నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. సంత నుంచి వస్తోంది. బుట్టలో ఉప్పు, ఎండు చేపలు. ముక్కుకు రెండు పక్కలా పోగులు. సంతకు పోయి వచ్చే మనిషి కాబట్టి తెలుగు బాగానే వచ్చు. పేరు బుద్రి అని తర్వాత తెలిసింది. మా నలుగుర్నీ, కొమ్మనూ చూసి ఆగింది.

“ఏటి బాబూ, కొమ్మతో తగువాడతన్నారు?”

ఎర్రయ్య గొంతు తగ్గించి, ఇది ఎవరు పెట్టిన చిల్లంగి అని అడిగాడు. ఆమె నవ్వు ఆపుకోలేదు.

“సిల్లంగి పెట్టేవోడు నడిదారిలో అందరికీ కనపడేలాగ పెడతాడేటి మావా? గుట్టుగా పెడతాడు గాని.”

తర్వాత ఆమె చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. వాళ్లు గుంపుగా వెళ్లేటప్పుడు అందరూ ఒకేసారి నడవరు. ముందు ఒకరో ఇద్దరో పోతారు, మిగతావాళ్లు సామాన్లతో, పిల్లలతో వెనక వస్తారు. చీలిక దగ్గర, తాను పోని దారిని ముందువాడు పచ్చి కొమ్మతో మూసేసి పోతాడు. పోయిన దారికి గుర్తేమీ ఉండదు, మూసిన దారికే ఉంటుంది. అందరి కంటే వెనక వచ్చేవాడు ఆ కొమ్మ తీసి పక్కన పారేస్తాడు. తీయకపోతే ఆ దారిన పోవలసిన వేరేవాళ్లు ఆగిపోతారు. కొమ్మ ఇంకా ఉందంటే వెనక మనుషులు రావలసి ఉన్నారని.

“ఆకు ఇప్పుడిప్పుడే వాడతంది. నిన్న ఏసినాడు. మరి ఎనక రావల్సినోరు మీరే కదేటి?” అంది.

ఈ దారి ఎందుకు మూశాడని అడిగాను. తనకు తెలియదంది. సంతకు పోయేటప్పుడు ఆమె అటు నుంచి రాలేదు. “ఎళ్లినోడికి తెలుసు” అంది. అది చాలినట్టే బుట్ట సర్దుకుని సన్న బాట పట్టింది. ఆమె ఇల్లు అటే.

నేను మళ్లీ కంపాసు చూశాను. సూది మారలేదు. వెడల్పు దారే నా గీత మీద ఉంది. నా కోణం తప్పు కాదని నాకు నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకమే. అయితే అప్పుడొక సంగతి తోచింది. కోణం మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది. అక్కడికి నేల ఎలా పోతుందో చెప్పదు. వెలుగు లోయ మీదుగా తిన్నగా వచ్చేస్తుంది. మనం అలా పోలేము. ముందు వెళ్లిన సుక్రు ఈ నేలను కాళ్లతో చూశాడు. నేను థియోడలైటు దుర్భిణిలోంచి చూశాను. సన్న బాట పడదామన్నాను. ఎర్రయ్యకు కొమ్మ దాటనక్కర్లేదనేదే చాలు. బేగి బేగి నడిచాడు.

బాట చాలాసేపు దక్షిణానికే పోయింది. నా మనసులో ఉన్నది దాచను. ప్రతి అడుగూ గీతకు దూరమవుతున్నట్టే ఉంది. ఒక చోట ఖలాసీ ఒకడు తప్పిపోయామేమో అన్నాడు.  తర్వాత బాట ఒక బండ చుట్టూ తిరిగి, పడమరకి మళ్లి, వాలు ఎక్కడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి కిందకి చూస్తే మూసిన దారి సంగతి అర్థమైంది. ఆ వెడల్పు దారి ఒక గెడ్డ దగ్గరికి దిగుతుంది. గెడ్డ అంటే కొండవాగు. నవంబరు ఆఖరి వానలకు దాని మీది దుంగల వంతెన కొట్టుకుపోయింది. రెండు పక్కలా నిలువు గట్లు. నీళ్లు తెల్లగా పరుగెడుతున్నాయి. ఆ దారిన పోయి ఉంటే సాయంత్రానికి గెడ్డ ఒడ్డున నిలబడి ఉండేవాళ్లం. అవతల పోడు మడి కళ్లకు కనిపిస్తూనే ఉండేది. మా కంటే ముందే వచ్చి బండ దగ్గర బుట్ట దించుకున్న బుద్రి అటు చూసి, మా ఎర్రయ్యతో, “మీ సిల్లంగి అదిగో మావా” అంది. పక్కకు తిరిగి తన పల్లెకు పోయింది.

పోడు మడి అంచున కాపలా పాక ఉంది. సుక్రు మా కోసం బయటే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తలుపు తడిక పక్కకు తీశాడు. లోపల జోగారావు గారు రెండు కంబళ్ల కింద వణుకుతున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని తెలివిలోనే ఉన్నారు. ఎర్రయ్య క్వినైన్ సీసా పెట్టెలోంచి తీసి మూత విప్పాడు. సూచన కాగితంలో ఉన్న మోతాదు రెండుసార్లు చదివి, నీళ్లతో మింగించాను.

జరిగినది వాళ్లతో ముందు వెళ్లిన ఖలాసీ చెప్పాడు. ముందు రోజు ముగ్గురూ వెడల్పు దారినే వెళ్లి, వంతెన లేకపోవడం చూసి వెనక్కి వచ్చారట. చీలిక దగ్గర సుక్రు కొమ్మ నరికి పడేశాడు. సన్న బాటన ఎక్కుతుండగా జోగారావు గారికి జ్వరం ముంచుకొచ్చింది. సుక్రు ఆయన్ను వీపున వేసుకుని ఈ పాకకు తెచ్చాడు. ఉదయం ఎండ రాగానే జోగారావు గారు తనను బయట కూర్చోబెట్టించుకుని, అద్దం తూర్పుకు తిప్పి, మూడుసార్లు చేయి అడ్డం పెట్టారు. రెండోసారి అయ్యాక చేయి లేవలేదు. ఖలాసీకి అద్దం మోయడమే వచ్చు గాని గురి పెట్టడం రాదు.

సాయంత్రానికి చలి తగ్గి ఒళ్లు కాలిపోయింది. మరునాడు కూడా అలాగే. మందు వేళకు ఇస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. ఆ తర్వాతి ఉదయం సుక్రు లోపలికి వెళ్లి వచ్చి, కంబళి తడిసిపోయింది అని ఒక్క మాట చెప్పాడు. చెమట పట్టింది. నేను వెళ్లి నుదురు తాకి చూశాను. చల్లగా ఉంది. బయటకు వచ్చి, చాలాసేపటి తర్వాత మొదటిసారి, కిందనున్న వలిసె చేల కేసి చూస్తూ కూర్చున్నాను. ఎర్రయ్య చుట్ట వెలిగించుకుని నా పక్కనే కూర్చున్నాడు. 

మధ్యాహ్నం జోగారావు గారు చోడి అంబలి, అంటే రాగి జావ, సగం గిన్నె తాగారు. గిన్నె కింద పెట్టి నా కేసి చూశారు.

“నువ్వు ప్రెజెంట్లీ వచ్చేశావయ్యా. పాత అర్థంలో.”

అప్పుడు ఆయనకు కొమ్మ సంగతంతా చెప్పాను. ఎర్రయ్య చిల్లంగి దగ్గర నవ్వారు. బుద్రి చెప్పింది విని నవ్వు ఆపేశారు. సుక్రును పిలిచి, నువ్వెందుకు వేశావురా కొమ్మ అని అడిగారు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు సుక్రు. “ముందు నడిసినోడు ఎయ్యాల గదా బాబూ” అన్నాడు.

 జోగారావు గారు తడిక కేసి చూస్తూ నాతో అన్నారు, ముందు వెళ్లడానికీ అడ్డుకోవడానికీ మధ్య ఒక కొమ్మ ఉందన్నమాట అని. ముందు వెళ్లినవాడు అడ్డం పెట్టేది వెనకవాడి మీద కక్షతో కాదు, వాడు పడిపోకుండా. ముందు నడవడం మరిచిపోయి అడ్డం ఒక్కటే గుర్తు పెట్టుకున్నారు జనం. ఇంగ్లీషు వాళ్ల దేశంలో మాట ఈ దారినే నడిచిందో లేదో నిఘంటువు రాసినవాళ్లు చెప్పాలి. నాకు మాత్రం త్రికోణం క్లోజయింది అన్నారు.

ఆయన లేచి కూర్చోగలిగే దాకా ఆగి, పని పూర్తి చేశాము. శిఖరం ఎక్కింది నేనూ సుక్రూ. అద్దం నిలబెట్టి, సుక్రుకు గురి పెట్టడం నేర్పి అక్కడే ఉంచి, నేను తిరిగి తూర్పు కొండకు వచ్చి కొలిచాను. కోణాల మొత్తంలో తేడా మా శాఖ అనుమతించే హద్దులోనే వచ్చింది. ఆ సీజనులో మా పార్టీ త్రికోణాలన్నింటిలోకీ బాగా కలిసింది అదే. అది ఉత్త యాదృచ్ఛికమే, నేనేమీ దానికి అర్థం అంటగట్టను.

కొలత అయ్యాక మళ్లీ పాకకు వెళ్లి, తిరుగు ప్రయాణంలో జోగారావు గారిని డోలీలో తెచ్చాము. మోసేవాళ్లు నిదానంగా నడుస్తారు కాబట్టి డోలీ అందరి కంటే వెనక వచ్చింది. చీలిక దగ్గర కొమ్మ అలాగే ఉంది. ఆకులన్నీ ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. గెడ్డ మీద కొత్త దుంగలు వేసేశారని పల్లెవాళ్లు చెప్పారు. ఖలాసీ ఒకడు కొమ్మ తీయబోతే సుక్రు వద్దన్నాడు. డోలీ వచ్చే దాకా అందరినీ ఆపాడు. జోగారావు గారు విషయం గ్రహించి డోలీ దింపించుకున్నారు. కర్ర సాయంతో నాలుగు అడుగులు వేసి, కొమ్మను కర్రతో నెట్టి తుప్పల్లోకి తోశారు. తిరిగి వచ్చి డోలీలో కూర్చున్నారు.

మరుసటి వేసవిలో వాల్తేరులో ఇంగ్లీషు పరీక్ష మళ్లీ రాశాను. పేపర్లో ప్రి మాట ఒక్కటీ రాలేదు. తక్కువ మార్కులతోనే అయినా ప్యాసయ్యాను. హోదా ముందు నుంచి ‘తాత్కాలిక’ పోయింది. జోగారావు గారు ఇంకా ఐదేళ్లు కొండలు ఎక్కి, ఆరోగ్యంగానే పింఛను పుచ్చుకున్నారు.

నా పనిలో మిగిలింది ఒక అలవాటు. లెక్క కట్టేటప్పుడు ప్రతివాడూ కొన్ని తప్పు దారులు పట్టి వెనక్కి వస్తాడు. శాఖలో ఆనవాయితీ ఆ కాగితాలు చింపేసి, సరైన దారి ఒక్కటే చూపించడం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కాని తర్వాత తనిఖీ చేసే మూడో మనిషి, ఆ వెడల్పాటి తప్పు దారి తనకే కొత్తగా కనిపించిందనుకుని, అందులో దిగి ఒక రోజు పోగొట్టుకుంటాడు. అరకు నుంచి వచ్చాక నేను ఆ కాగితాలు చింపడం మానేశాను. అడ్డంగా ఒక గీత గీసి, ఎక్కడ తెగిపోయిందో పక్కన ఒక వాక్యం రాసి, లెక్కతో పాటే జతచేసి పంపేవాణ్ని. మొదట్లో పై అధికారులు ఇదేమిటని అడిగారు. తర్వాత అడగడం మానేశారు. తనిఖీ పూర్తయ్యాక ఆ కాగితాలు తీసి పారేసే పని మూడో మనిషిది.